రేపు వాన ఉందా? నోడ్ జెఎస్‌తో సర్వర్‌ను అడిగి తెలుసుకోవడం ఎలా

చిత్తూరు దగ్గర మా మామయ్యకు చెరకు తోట ఉంది. గానుగ ఆడించే రోజుల్లో ఆయనకు కావలసింది ఒకే ఒక్క మాట: రేపు వాన ఉందా, లేదా? బెల్లం వండే పొయ్యిలోకి వంటచెరకు ఆ చెరకు పిప్పే. రసం తీశాక మిగిలిన పిప్పిని ఆరుబయట పరిచి ఎండబెడతారు. అది తడిసిందంటే పొయ్యి సరిగా మండదు, పాకం ముదరదు, పిలిపించుకున్న కూలీలు ఊరికే కూర్చోవాలి. నేనుండేది తిరుపతిలో, బాలాజీ కాలనీలో. అక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరం. రోజూ పొద్దున్నే ఆయనకు ఆ ఒక్క మాట చెప్పడానికి నోడ్ జెఎస్‌లో, అంటే జావాస్క్రిప్ట్ భాషలో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్ బయట నడిపే సాధనంలో, ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. అదే ప్రోగ్రామును మీరూ రాసుకునేలా మొదటినుంచి చెబుతాను. నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. మీరు సొంతంగా పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులోనే ఉండవచ్చు, జావాస్క్రిప్ట్ అందుకు ఒప్పుకుంటుంది. నా ప్రోగ్రాములో వేరియబుళ్ల పేర్లు జవాబు, వివరాలు, వాన. మొదటిసారి ఆ ఫైలు తెరిచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ముందు నోడ్ వెర్షన్ చూసుకోండి

టెర్మినల్ తెరిచి నోడ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, వి కొట్టండి. వచ్చే అంకె 18 కంటే తక్కువైతే కొత్త వెర్షన్ వేసుకోండి. 18 కూడా ఇప్పుడు పాతదే, దానికి భద్రతా సవరణలు రావడం 2025లో ఆగిపోయింది. 22 గానీ 24 గానీ ఉంటే నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు.

18 దగ్గరే గీత ఎందుకు గీశానంటే, సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చే, బ్రౌజర్లలో ఎప్పటినుంచో ఉన్న ఫెచ్ అనే ఫంక్షన్ నోడ్‌లో ఏ అదనపు ఏర్పాటూ లేకుండా దొరకడం ఆ వెర్షన్‌తోనే మొదలైంది. అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది. తిరుపతి జిల్లా ఏర్పడింది కూడా ఆ నెలలోనే కాబట్టి మన వాళ్లకు గుర్తు పెట్టుకోవడం తేలిక. అంతకు ముందు ఈ పనికి చాలామంది రిక్వెస్ట్ అనే ప్యాకేజీ, అంటే వేరేవారు రాసిపెట్టిన కోడ్, వాడేవారు. 2020 ఫిబ్రవరిలో దాన్ని రాసినవారే ఇక వాడవద్దని ప్రకటించారు. అయినా పాత పాఠాల్లో దాన్ని ఇన్‌స్టాల్ చేయమనే సలహా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి పాఠం ఎదురైతే పక్కన పెట్టండి. ఆక్సియోస్ అనే ప్యాకేజీ మంచిదే, పెద్ద పనుల్లో సుఖంగా ఉంటుంది. మన పనికి మాత్రం ఏ ప్యాకేజీ అక్కరలేదు.

ఇప్పుడు ఒక ఖాళీ ఫైలు తెరిచి, పేరు చివర చుక్క పెట్టి ఎమ్, జె, ఎస్ అనే మూడు అక్షరాలు చేర్చండి. అలా చేస్తే, పని పూర్తయ్యేదాకా ఆగమని చెప్పే అవెయిట్ అనే మాటను ఫంక్షన్ లోపలే కాకుండా ఫైలులో ఎక్కడైనా నేరుగా వాడుకోవచ్చు. పాత వెర్షన్లలో మామూలుగా చుక్క జె, ఎస్ అని పెట్టి, అవెయిట్ దగ్గర తప్పు చూపిస్తోందని గంటలు పోగొట్టుకున్నవారు చాలామంది.

అడగవలసిన చిరునామా తయారు చేయండి

వాతావరణం కోసం నేను ఓపెన్-మీటియో అనే సేవను అడుగుతాను. సొంత అవసరానికి, వ్యాపారం కాని పనికి ఉచితం. ఖాతా తెరవనక్కరలేదు, తాళపుచెవి లాంటి కీ కూడా అక్కరలేదు. వివరాలను నలుగురికీ చూపిస్తే మాత్రం ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలి.

చిరునామాలో రెండు భాగాలు ఉంటాయి. ప్రశ్నార్థకం గుర్తుకు ముందున్నది ఎవరిని అడుగుతున్నామో చెబుతుంది, తర్వాతది ఏమడుగుతున్నామో చెబుతుంది. ఆ రెండో భాగాన్ని చేతితో అతికించకండి. ఆ సేవ తన సైటులో ఇచ్చిన మొదటి భాగంతో యుఆర్‌ఎల్ అనే వస్తువును తయారు చేసి, దాని సెర్చ్‌పారామ్స్‌లో సెట్ అనే ఫంక్షన్‌తో ఒక్కొక్కటే చేర్చండి: లాటిట్యూడ్‌కు 13.22, లాంగిట్యూడ్‌కు 79.10. ఇవి చిత్తూరువి. తిరుపతికైతే 13.63, 79.42. డెయిలీ అనే పేరుకు ప్రెసిపిటేషన్ అండర్‌స్కోర్ సమ్ అని ఇవ్వండి, అంటే రోజు మొత్తంలో పడే వాన, మిల్లీమీటర్లలో.

టైమ్‌జోన్ మరవకండి. దానికి ఏసియా, వాలు గీత (స్లాష్), కోల్‌కతా అని ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సేవ గ్రీనిచ్ కాలంతో రోజును లెక్కిస్తుంది. అప్పుడు మీ ‘రేపు’ మన గడియారంలో తెల్లవారి ఐదున్నరకు మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక మూడింటికి కురిసే వాన ఈరోజు ఖాతాలో పడిపోతుంది. పిప్పి తడిసేది సరిగ్గా ఆ వానకే.

చేతితో అతికించవద్దన్నది కూడా ఊరికే కాదు. వెతికే మాటలో ‘&’ గుర్తు గానీ, కూడిక గుర్తు గానీ ఉంటే సర్వర్ దాన్ని వేరేలా అర్థం చేసుకుంటుంది. సెర్చ్‌పారామ్స్ వాటిని ముందే భద్రమైన రూపంలోకి మారుస్తుంది. తెలుగు మాటలనూ అలాగే మారుస్తుంది. ‘తిరుపతి’ అనే మాటనే తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తులు విడిగా ఉంటాయి కాబట్టి ఏడు. అక్షరాలను బైట్లుగా రాసే యుటిఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం ఇరవై ఒకటి. చిరునామాలోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది. అంటే మన నాలుగక్షరాల ఊరు చిరునామాలో 63 గుర్తుల పొడవు పాకుతుంది. చిరునామాలో అంత పొడవైన శాతం గుర్తుల వరుస కనిపిస్తే ఏదో చెడిపోయిందని కంగారు పడకండి, అది మన తెలుగే.

చిరునామా సిద్ధమయ్యాక దాన్ని కన్సోల్‌లో ప్రింట్ చేసి, కాపీ చేసి, ముందు బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్కడ వచ్చే జేసన్‌ను, అంటే పేరు, విలువ జతలుగా రాసిన జవాబును, తీరుబడిగా చదవండి. డెయిలీ లోపల టైమ్ అనే వరుస, దాని పక్కనే వాన వరుస ఉంటాయి. వరుసలో సున్నా స్థానం ఈరోజుది, ఒకటో స్థానం రేపటిది. ఈ ఒక్క నిమిషం పని తర్వాత బోలెడు శ్రమ తప్పిస్తుంది.

ఇప్పుడు అడగండి

కోడ్ అంతా కలిపి రెండు వరుసలే. మొదటి వరుసలో జవాబు అనే పేరుకు, అవెయిట్ పెట్టి, ఫెచ్‌కు మీ చిరునామా ఇచ్చి, వచ్చినదాన్ని అప్పగించండి. రెండో వరుసలో వివరాలు అనే పేరుకు, మళ్లీ అవెయిట్ పెట్టి, జవాబు చుక్క జేసన్ అనే ఫంక్షన్‌ను పిలిచి అప్పగించండి. ఇక్కడ జేసన్ అన్నీ చిన్న అక్షరాలే.

రెండు అవెయిట్‌లు ఎందుకని కొత్తగా నేర్చుకునేవారు తప్పకుండా అడుగుతారు. పోస్ట్‌మ్యాన్ పార్సెల్ తెచ్చి గుమ్మం దగ్గర పిలిచినట్టు అనుకోండి. పైన అతికించిన చీటీ ముందు కనిపిస్తుంది: ఎక్కడినుంచి వచ్చింది, లోపల ఏ రకం వస్తువు, చేరిందా తిరిగొచ్చిందా. మొదటి అవెయిట్ ఆ చీటీ చేతికి వచ్చేదాకా ఆగడం. పెట్టె విప్పి లోపలిది పూర్తిగా బయటికి తీసేదాకా ఆగడం రెండోది. రెండో అవెయిట్ మరిచిపోతే వివరాలకు బదులు ప్రామిస్ అనే ఖాళీ హామీ మాత్రమే చేతిలో ఉంటుంది. ఇంకో సంగతి, పెట్టె ఒక్కసారే విప్పగలరు. జేసన్‌గా చదివేసిన జవాబును మళ్లీ టెక్స్ట్‌గా చదవబోతే నోడ్ ఒప్పుకోదు. రెండూ కావాలంటే ముందు టెక్స్ట్‌గా తీసుకుని, దాన్నే జేసన్ చుక్క పార్స్‌కు ఇవ్వండి. ఇక్కడ జేసన్ అన్నీ పెద్ద అక్షరాలు.

నేను చేసిన తప్పు

ఈ రెండు వరుసలూ పనిచేయగానే నేను ప్రోగ్రాము పూర్తయిందనుకున్నాను. వాన విలువ దొరక్కపోతే ప్రోగ్రాము ఆగిపోకూడదని, చివర ‘లేకపోతే సున్నా’ అని ఒక చిన్న ముక్క తగిలించాను. తర్వాత ఒక రోజు ఇంకో వివరం అడగడానికి చిరునామాను సవరిస్తూ ప్రెసిపిటేషన్ అనే మాటలో ఒక అక్షరం పోగొట్టాను. సర్వర్ తన పని తాను సరిగ్గానే చేసింది: ఇలాంటి పేరు నాకు తెలియదంటూ 400 అనే సంఖ్యతో, కారణంతో సహా జవాబు పంపింది. ఆ జవాబును నా ప్రోగ్రాము చూడనేలేదు. వాన వరుస దొరకలేదు కాబట్టి సున్నా వేసుకుంది. ‘రేపు వాన లేదు’ అని వరుసగా మూడు రోజులు మామయ్యకు పంపాను.

మూడో రాత్రి వాన పడింది. పరిచిన పిప్పి మొత్తం తడిసింది. మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ‘వాన లేదనే కదా నువ్వు పంపింది’ అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వాన లేదని తెలియడం వేరు, ఏమీ తెలియకపోవడం వేరు. నా ప్రోగ్రాము ఆ రెండింటినీ ఒకే సున్నాలో కలిపేసింది. ఇకమీదట చెప్పే జాగ్రత్తలన్నీ ఆ రెండింటినీ విడదీయడానికే.

మొదటి జాగ్రత్త: సర్వర్ కాదన్నా ఫెచ్ దాన్ని తప్పుగా చూడదు. అడిగినది లేదనే 404 వచ్చినా, సర్వర్‌లోనే లోపమనే 500 వచ్చినా, నాకు వచ్చినట్టు 400 వచ్చినా, జవాబు చేరింది కాబట్టి తన పని అయిపోయినట్టే అనుకుంటుంది. అందుకే రెండు వరుసల మధ్యలో మూడోది చేర్చాలి: జవాబు చుక్క ఓకే అన్నది నిజం కాకపోతే, జవాబు చుక్క స్టేటస్ అంకెను, టెక్స్ట్‌గా చదివిన కారణాన్ని కలిపి ఎర్రర్‌గా విసరాలి. స్టేటస్ 200 నుంచి 299 మధ్య ఉంటేనే ఓకే నిజమవుతుంది. కారణాన్ని చదవడం మానకండి. చాలా సర్వర్లు ఏది తప్పో వాక్యంలో రాసి మరీ పంపుతాయి. ఆ వాక్యం చదివి ఉంటే నా తప్పు మొదటి రోజే బయటపడేది.

రెండో జాగ్రత్త విలువ దగ్గర. ఓకే వచ్చినా ఆ స్థానంలో నల్, అంటే విలువ లేదనే గుర్తు, ఉండవచ్చు. కాబట్టి వానను వాడే ముందు అది నిజంగా అంకేనా అని నంబర్ చుక్క ఈజ్‌ఫైనైట్‌తో అడగండి. ఇక్కడ ఎదురు ప్రమాదం ఒకటుంది. విలువ ఉందా లేదా తెలుసుకోవడానికి చాలామంది ఇఫ్ లోపల వాన పేరుకు ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి వదిలేస్తారు. జావాస్క్రిప్ట్ దృష్టిలో సున్నా కూడా లేనట్టే లెక్క. అలా రాస్తే నిజంగా వాన లేని రోజున కూడా ‘వివరం దొరకలేదు’ అని చెబుతుంది. నాలుగు రోజులు అలా చెబితే ఐదో రోజు ఎవరూ ఆ మెసేజ్ చదవరు.

సర్వర్ పలకకపోతే

ఇంటర్నెట్ లేనప్పుడు ఫెచ్ నిజంగానే ఎర్రర్ విసురుతుంది. ట్రై, క్యాచ్ మధ్య మీ వరుసలను పెట్టి పట్టుకోండి. పట్టుకున్న ఎర్రర్‌లో ‘ఫెచ్ ఫెయిల్డ్’ అని మాత్రమే కనిపిస్తుంది, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. అసలు కారణం ఆ ఎర్రర్ లోపలి కాజ్‌లో, దాని కోడ్‌లో దాగి ఉంటుంది. అక్కడ ఈనాట్‌ఫౌండ్ అని ఉంటే ఆ పేరుతో సర్వర్ దొరకలేదని, అంటే చిరునామాలో పేరు తప్పు లేదా మీకు ఇంటర్నెట్ లేదు. ఈకన్‌రెఫ్యూజ్డ్ అని ఉంటే ఇల్లు దొరికింది కానీ తలుపు తీయలేదు. మీ సొంత కంప్యూటర్‌లో నడిచే సర్వర్‌ను స్టార్ట్ చేయడం మరిచినప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే.

అన్నింటికంటే ఇబ్బంది పెట్టేది సర్వర్ తలుపు తీసి మౌనంగా నిలబడటం. నోడ్ ఫెచ్ దాని ముందు ఐదు నిమిషాల దాకా ఓపికగా నిలబడుతుంది. అంతసేపు వద్దు. ఫెచ్‌కు రెండో భాగంగా ఇచ్చే వస్తువులో సిగ్నల్ అనే పేరుకు అబార్ట్‌సిగ్నల్ చుక్క టైమౌట్ ఇచ్చి, లోపల 10000 అని రాయండి. పది సెకన్లు దాటితే టైమౌట్‌ఎర్రర్ అనే పేరుతో తప్పుకుంటుంది.

మళ్లీ ప్రయత్నించడం మంచిదే, అయితే హద్దులో. సర్వర్ ప్రస్తుతానికి పలకలేనని చెప్పే 503 వచ్చినా, టైమౌట్ అయినా కొన్ని సెకన్లు ఆగి అడగండి, రెండోసారి ఇంకాస్త ఎక్కువ ఆగండి, మూడుసార్లతో చాలించండి. 429 వస్తే మీరు మరీ ఎక్కువగా అడుగుతున్నారని అర్థం. అలాంటప్పుడు జవాబు హెడర్లలో, అంటే ఇంతకు ముందు చెప్పిన చీటీలో, రిట్రై-ఆఫ్టర్ ఉంటే అది చెప్పినంతసేపు ఆగడం మర్యాద. 400, 404 వస్తే ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, తప్పు మీ ప్రశ్నలో ఉంది. ఒకరు ఉచితంగా ఇస్తున్న సేవను నిమిషానికోసారి తట్టడం నాకు నచ్చదు. రేపటి వాన సంగతి పొద్దున ఒకసారి అడిగి ఫైలులో దాచుకుంటే చాలు.

రెండు మూడు ఊళ్లకు ఒకేసారి కావాలంటే ప్రామిస్ చుక్క ఆల్‌సెటిల్డ్ వాడండి. ప్రామిస్ చుక్క ఆల్ కూడా ఉంది కానీ, అందులో ఒక ఊరు విఫలమైతే మిగతావి కూడా చేతికి రావు. నేను తిరుపతిని, తిరుమలను కలిపి అడిగి చూశాను. ఆ సేవ జవాబులో ఎలివేషన్ అని ఆ చోటు ఎత్తు కూడా ఇస్తుంది. కింద అలిపిరి దగ్గర ఉక్కపోస్తుంటే కొండపైన చల్లగా ఎందుకుంటుందో ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలిసిపోతుంది.

పంపవలసి వస్తే

ఇంతవరకు అడగడమే. మీ వివరాలను సర్వర్‌కు పంపాలంటే, ఉదాహరణకు ఈరోజు వండిన బెల్లం ఎన్ని కిలోలో మీ సొంత సర్వర్‌లో రాయించాలంటే, ఫెచ్ రెండో భాగంలో మెథడ్‌కు పోస్ట్ అని, బాడీకి జేసన్ చుక్క స్ట్రింగిఫై చేసిన వస్తువును ఇవ్వండి. హెడర్లలో కంటెంట్-టైప్‌కు అప్లికేషన్, వాలు గీత, జేసన్ అని తప్పక రాయండి. రాయకపోతే నోడ్ దాన్ని మామూలు టెక్స్ట్ అని చెప్పి పంపుతుంది, అవతలి సర్వర్ చాలాసార్లు ఖాళీ వచ్చిందనుకుంటుంది. పోస్ట్‌ను మళ్లీ పంపేముందు ఆలోచించండి. మొదటిది చేరి, దాని జవాబు మాత్రమే దారిలో పోయి ఉంటే, ఒకే బెల్లం రెండుసార్లు లెక్కలో పడుతుంది.

కీ అడిగే సేవలైతే ఆ కీని కోడ్‌లో రాయవద్దు. వేరే ఫైలులో పెట్టి, ప్రోగ్రామును నడిపేటప్పుడు ఎన్వ్-ఫైల్ అనే సూచనతో ఇవ్వండి. నోడ్ 20.6 నుంచి ఈ సౌకర్యం ఉంది.

పాత కోడ్‌లో విరిగిన తెలుగు

పనిచేసేచోట పాత ప్రోగ్రాములు మీ చేతికి వస్తే అందులో ఫెచ్ ఉండదు, హెచ్‌టిటిపిఎస్ అనే మాడ్యూల్ ఉంటుంది. అది జవాబును ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. డేటా అనే సంఘటన వచ్చినప్పుడల్లా ఒక ముక్క, ఎండ్ వచ్చినప్పుడు ముగింపు. ముక్కలను కూడిక గుర్తుతో కలిపేయడం అందరూ చేసే పని. ఇంగ్లిష్ జవాబులకు ఏమీ కాదు. తెలుగు వికీపీడియా నుంచి పెద్ద వ్యాసం తెప్పించి చూడండి, ఎక్కడో ఒకచోట అక్షరం బదులు నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపించవచ్చు.

కారణం ఇంతకు ముందు చెప్పిన మూడు బైట్లే. ‘త’ అంటే కంప్యూటర్‌కు 224, 176, 164. మొదటి ముక్క 224, 176 దగ్గర తెగి, 164 తర్వాతి ముక్కలో వచ్చిందనుకోండి. కూడిక గుర్తు పెట్టగానే నోడ్ ప్రతి ముక్కనూ విడిగా అక్షరాలుగా మారుస్తుంది. తెగిన అక్షరం రెండు వైపులా అర్థం కాక, రెండు చోట్లా ఆ వజ్రం గుర్తు పెట్టేస్తుంది. ఒకసారి అలా మారాక తిరిగి అతికించలేరు. ఇంకోసారి నడిపితే ముక్క వేరేచోట తెగి అంతా సరిగ్గా కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. చేయవలసింది ఒక్క వరుస: జవాబు రాగానే, ముక్కలు అందుకోకముందే, సెట్‌ఎన్‌కోడింగ్‌కు యుటిఎఫ్8 అని చెప్పండి. తెగిన బైట్లను తర్వాతి ముక్క వచ్చేదాకా నోడే చేతిలో పట్టుకుని ఉంటుంది. ఫెచ్‌లో టెక్స్ట్, జేసన్ ఫంక్షన్లు వాడితే ఈ బెడద లేదు.

చివరగా మూడు పరీక్షలు

ప్రోగ్రాము పూర్తయిందని అనుకోకముందు దాన్ని మీరే మూడుసార్లు చెడగొట్టి చూడండి. వైఫై ఆపి నడపండి. చిరునామాలో ప్రెసిపిటేషన్‌లో ఒక అక్షరం తీసి నడపండి. టైమౌట్‌ను 1 అని పెట్టి, అంటే సెకనులో వెయ్యో వంతు, నడపండి. మూడుసార్లూ ‘వాన సంగతి తెలియలేదు’ అనే రావాలి, పక్కన కారణం ఉండాలి. ఒక్కసారైనా ‘వాన లేదు’ అని వస్తే ఇంకా పని మిగిలి ఉంది.

ఇప్పుడు మామయ్యకు పొద్దున వెళ్లే మెసేజ్ మూడు రకాలు: ఇన్ని మిల్లీమీటర్లు పడవచ్చు, పడకపోవచ్చు, తెలియలేదు. మూడోది వెళ్లిన రోజు ఆయన ఆకాశం చూసుకుంటారు, సాయంత్రం కాకముందే పిప్పిని కుప్పచేసి పట్టా కప్పిస్తారు.